లైసెన్సు చేతికి వచ్చిన తరువాత

బైలదిల్లా గనులలో పనిచేసిన వారెవరికీ పేలుడు పదార్థాల గిడ్డంగి గురించి వేరుగా చెప్పనవసరం లేదు. వాడుకలో మనం దానిని మ్యాగజీన్ అంటాము. గిడ్డంగులు అనే అర్థం గల అరబ్బీ మాట నుండి పుట్టిన ఈ పదమే పిస్తోలులో తూటాలు అమర్చే అరకూ, మీ చేతిలో ఉన్న ఈ పత్రిక వంటి వాటికీ పేరైనది. ఆ గిడ్డంగి లోపలికి అగ్గిపెట్టెతో ఎవరూ అడుగు పెట్టరు. ఎన్ని డిటొనేటర్లు వచ్చినవో, ఎన్ని వెలుపలికి పోయినవో, వాటిలో ఎన్ని తిరిగి వచ్చినవో రిజిస్టరులో సంతకాలతో సహా ఉంటుంది. లెక్కలో ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా ఎవరికీ నిద్ర ఉండదు. ఇంతటి క్రమశిక్షణలో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషే, ఇంటికి వచ్చిన తరువాత తూటాలు నింపిన రివాల్వరును బీరువాలో బట్టల మడతల కింద పెట్టి, తాళంచెవిని ఆ బీరువా మీదనే ఉంచడం నేను ఒకటికి రెండు ఇళ్ళలో చూచాను. గనిలో నేర్చిన జాగ్రత్తను చెప్పులతోపాటు గుమ్మం బయటనే విడిచి లోపలికి వెళ్ళడం ఎందువలననో నాకు ఇప్పటికీ బోధపడదు.

చేతి తుపాకీకి లైసెన్సు ఎలా సంపాదించాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ విషయంలో సలహాలు ఇచ్చేవారు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. లైసెన్సు వచ్చిన తరువాత, రోజుకు ఇరవైనాలుగు గంటలూ, ఆ వస్తువు ఈ క్షణాన ఎక్కడ ఉన్నది, ఎవరి అందుబాటులో ఉన్నది అనే ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే అసలు సమస్య. నాకు 2004 నుండి పాయింట్ 32 రివాల్వరుకు లైసెన్సు ఉన్నది. ఈ ఇరవై ఏళ్ళలో దానిని పేల్చిన సందర్భాలు శిక్షణ కోసం వెళ్ళిన కొద్ది రోజులే. దాని గురించి ఆలోచించవలసి వచ్చిన సందర్భాలు మాత్రం లెక్కకు మించినవి.

మొదట బస్తర్ సంగతి. ఇక్కడ ఉద్యోగం అనగానే మన బంధువులు, "ఆ అడవిలో చేతిలో ఏదైనా ఉండాలి" అంటారు. అక్కడి పరిస్థితులు చూచినవారు అంత తేలికగా అనరు. 2006 ఫిబ్రవరి 9 రాత్రి హిరోలిలోని ఎన్.ఎం.డి.సి. పేలుడు పదార్థాల గిడ్డంగిపై మావోయిస్టులు దాడి చేసినప్పుడు దానిని కాపలా కాస్తున్న సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లు ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారు శిక్షణ పొందినవారు, రైఫిళ్ళు ధరించినవారు, విధిలో ఉన్నవారు. దాడికి వచ్చినవారు కోరుకున్నది పేలుడు పదార్థాలనూ ఆయుధాలనూ. అటువంటి చోట జేబులోని ఆరు తూటాల రివాల్వరు రక్షణ కన్న ముందు ఎరగా పనిచేస్తుంది. ఫలానా క్వార్టరులో తుపాకీ ఉన్నదని తెలియడమే ఆ ఇంటికి ప్రమాదం.

కాలం మారింది. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు 153 ఆయుధాలతో లొంగిపోయారు. ఆ ఆయుధాల జాబితాను ఇంజనీరు అలవాటు కొద్దీ శ్రద్ధగా చదివాను. ఏకే-47లు 19, ఇన్సాస్ రైఫిళ్ళు 23, పాయింట్ 303 రైఫిళ్ళు 36, పన్నెండు బోరు తుపాకులూ ఒంటి తూటా తుపాకులూ కలిపి 41, ఇంకా ఇతర రకాలు. పిస్తోలు మాత్రం ఒక్కటి. బస్తర్ పోరాటంలో చేతి తుపాకీకి దక్కిన స్థానం అదీ. అది అడవి ఆయుధం కాదు. జీతగాండ్ర బీరువాలో ఉండే వస్తువు. అందువలన దాని ప్రమాదాలు కూడా ఎక్కువగా బీరువా చుట్టూ, పడకగది చుట్టూ, రైలు బెర్తు చుట్టూ తిరుగుతూ ఉంటాయి.

రైలు విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు కుటుంబాలకు ఇది అన్నింటికన్న తరచుగా ఎదురయ్యేది. కిరందూల్‌లో రైలెక్కితే దంతేవాడ, జగదల్‌పూర్ దాటి ఒడిశాలో ప్రవేశిస్తాము; జయపురం, కోరాపుట్ గడిచి అరకు వైపు ఆంధ్రప్రదేశ్‌లో దిగుతాము. కొత్తవలస–కిరందూల్ మార్గం సుమారు 445 కిలోమీటర్లు. ఒక్క ప్రయాణంలో మూడు రాష్ట్రాలు. ప్రతి ఆయుధ లైసెన్సు మీదా అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ వరకే చెల్లే లైసెన్సు గల వ్యక్తి విశాఖపట్నంలో మేనకోడలి పెళ్ళికి బయలుదేరి, భద్రత కోసమని రివాల్వరును సూట్‌కేసులో పెట్టుకుంటే, అతడు నిద్రలో ఉండగానే రైలు రాష్ట్ర సరిహద్దు దాటుతుంది. అతడి లైసెన్సు మాత్రం దాటదు. తెల్లవారి అరకు లోయ అందాలు చూస్తూ కాఫీ తాగే వేళకు ఆయన చట్టం దృష్టిలో అనుమతి లేని ఆయుధం కలవాడు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని సాధారణ తుపాకీ కలిగి ఉన్నందుకు శిక్ష రెండేళ్ళకు తగ్గదు, అయిదేళ్ళ వరకు ఉండవచ్చును. సెలవుకు వెళ్ళేవారు పరిధి పెంపు కోసం ముందుగా దరఖాస్తు పెట్టుకొని అనుమతి పొందాలి. లేదా ఆయుధాన్ని లైసెన్సు గల డీలరు వద్ద డిపాజిట్ చేసి రసీదు తీసుకొని నిశ్చింతగా రైలెక్కాలి. నేను రెండవ పద్ధతినే అనుసరిస్తాను. తుపాకీ ఉన్న మనిషి రైలులో నిద్రపోలేడు. నిద్రపోతే తుపాకీ అతడి అదుపులో లేనట్లే.

బదిలీ అయినప్పుడు ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. దంతేవాడ వంటి జిల్లాలో లైసెన్సు వ్యవహారం కలెక్టరు కార్యాలయంలో జరుగుతుంది. హైదరాబాదుకు వచ్చినవారు పోలీసు కమిషనరు కార్యాలయానికి వెళ్ళాలి. కొత్త చిరునామాను అక్కడ నమోదు చేయించుకోవడం సామాను సర్దుకోవడం కన్న ముందు చేయవలసిన పని. మనవారు గ్యాసు కనెక్షను మార్పిడికీ, పిల్లల టి.సి.లకూ చూపే తొందర ఇందులో చూపరు. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుండి అయిదేళ్ళకు పెరిగింది. ఇది సౌకర్యమే కానీ, అయిదేళ్ళలో మనిషి మరచిపోవడం కూడా అంతే సులభం. గడువు తీరడానికి కనీసం రెండు నెలల ముందే పునరుద్ధరణ దరఖాస్తు వేయడం మంచిది. అదే సవరణ ఒక వ్యక్తికి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. తాతగారి నాటి తుపాకీ, తండ్రిగారి తుపాకీ, తన సొంతం కలిపి లెక్కించుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎన్నికల సమయంలో పోలీసుల నుండి ఆయుధం అప్పగించమని నోటీసు వస్తే కొందరు అవమానంగా భావిస్తారు. అందులో అవమానమేమీ లేదు. ఎవరి ఆయుధాలు తీసుకోవాలో జిల్లా స్థాయి కమిటీ పరిశీలించి నిర్ణయిస్తుంది; ఫలితాల తరువాత తిరిగి ఇస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికలలో బస్తర్‌లో ఏప్రిల్ 19న పోలింగు జరిగింది. ఎన్నికల నియమావళి మార్చి 16 నుండి జూన్ 6 వరకు అమలులో ఉన్నది. అంటే దాదాపు మూడు నెలలు. ఠాణాలో ఇచ్చేటప్పుడు తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రసీదులో ఉన్నవో లేవో చూచుకోవాలి. గుర్తుగా చిన్న నూనె పూత కూడా పూసి ఇవ్వాలి. ఎందుకంటే మూడు నెలలు అది ఏ మూలన ఏ గోనెసంచి పక్కన ఉంటుందో మనకు తెలియదు.

విహారయాత్రలలో ఒక చిక్కు ఉన్నది. తీరథ్‌గఢ్ జలపాతమూ కుటుంసర్ గుహలూ మన కుటుంబాలు ఏటా చూచి వచ్చే చోట్లు. అవి కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం లోపల ఉన్నవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందుగా లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అటువంటి ప్రాంతంలో ప్రవేశించరాదు. లైసెన్సు ఉన్నదన్న మాట ఇక్కడ పనికిరాదు. కారు డ్యాష్‌బోర్డులో రివాల్వరు, వెనుక సీటులో పులిహోర డబ్బా పెట్టుకొని బయలుదేరే పెద్దమనిషి వేటగాడు కాకపోయినా, చట్టం అతడిని అనుమానించడానికి తగిన కారణం అతడే చూపిస్తున్నాడు.

ఇక ఇంటి సంగతి. మన ఉద్యోగంలో షిఫ్టులు ఉన్నవి. గని గేటు దాటి ఆయుధం లోపలికి తీసుకుపోవడం కుదరదు. కాబట్టి మనం పనిలో ఉన్న ఎనిమిది గంటలూ అది ఇంటిలోనే ఉంటుంది. మనం లేని ఇంటిలో. అది రక్షణ కోసమని అనుకున్నా, ఆ ఎనిమిది గంటలలో అది ఎవరిని రక్షిస్తుందో, ఎవరి చేతికి చిక్కుతుందో ఆలోచించాలి. గోడకు గాని నేలకు గాని బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు లాకరు ఖరీదు తుపాకీ ఖరీదులో స్వల్ప భాగం. బిగించని లాకరును దొంగ తుపాకీతోసహా చంకన పెట్టుకొని పోతాడు. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి దేవుని గూటిలో, బియ్యం డబ్బాలో దాచడం వలన ప్రయోజనం లేదు. ఇంటిలో ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో పదేళ్ళ పిల్లలకు తెలిసినంతగా మనకు తెలియదు.

తుపాకీ ఖాళీగా ఉన్నదో లేదో చేతికి తీసుకున్న ప్రతిసారీ చూడాలి. ఒక్క నిమిషం క్రితం మనమే చూచి పెట్టినా సరే. రివాల్వరులో సిలిండరు తెరిచి ఆరు గదులూ కంటితో చూడడం తేలిక. పిస్తోలు విషయంలోనే ఎక్కువ మంది ప్రాణాలు పోతున్నవి. తూటాల అరను బయటకు తీయగానే అది ఖాళీ అయినదని భ్రమపడతారు. గొట్టం వెనుక గదిలో ఒక తూటా మిగిలి ఉంటుంది. ముందు అరను తీయాలి, తరువాత పై భాగాన్ని వెనుకకు లాగి ఆ గదిని కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఈ వరుస తారుమారైతే, అంటే ముందు లాగి తరువాత అర తీస్తే, లాగినప్పుడు కొత్త తూటా గదిలోకి చేరి అక్కడే ఉండిపోతుంది.

తూటాల విషయంలో మరొక మాట. కాన్పూరులో తయారయ్యే రివాల్వరూ, పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పిస్తోలూ రెండూ పాయింట్ 32 బోరువే. 2021 అక్టోబరు 1 నుండి ఈ ఫ్యాక్టరీలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే, మనవలెనే ప్రభుత్వరంగ సంస్థ కిందకు వచ్చినవి. బోరు అంకె ఒకటే గనుక తూటా కూడా ఒకటే అనుకోరాదు. రివాల్వరు తూటా పొడవుగా, అడుగున వెడల్పైన అంచుతో ఉంటుంది. దాని పెంకు పొడవు 23 మిల్లీమీటర్లు. పిస్తోలు తూటా పెంకు 17 మిల్లీమీటర్లే. ఒకే వ్యాసం గల రెండు బోల్టులకు మరలు వేరైతే నట్టు పట్టనట్లే, ఒకదాని తూటా మరొకదానిలో వాడరాదు. స్నేహితుని వద్ద మిగిలినవి అడిగి తెచ్చుకోవడం చట్టరీత్యా కూడా తప్పు. తూటాలు లైసెన్సు చూపి, నమోదు చేయించుకొని డీలరు వద్దనే కొనాలి.

బైలదిల్లాలో ఉక్కు వస్తువుకు రెండు శత్రువులు. ఒకటి వాన; జూన్ నుండి సెప్టెంబరు వరకు కొండమీద మేఘాలు కిటికీలలోనుండి ఇంటిలోకి వస్తాయని మీకు తెలుసు. రెండవది ధూళి. మన ఇనుప ఖనిజపు ధూళి మామూలు దుమ్ము కాదు. హెమటైట్ గట్టి ఖనిజం. అదే ఐరన్ ఆక్సైడ్‌ను మెత్తని పొడిగా చేసి బంగారుపనివారు నగలకు మెరుగు పెట్టడానికి వాడతారు. తుపాకీకి నూనె దట్టంగా పూసి వదిలేస్తే, ఆ నూనెలో ఈ ధూళి కలిసి సానపట్టే ముద్ద అవుతుంది. కదిలే భాగాలను అది నెమ్మదిగా అరగదీస్తుంది. కాబట్టి నూనె పలుచగా ఉండాలి. పూసిన తరువాత పొడి గుడ్డతో తుడిచినప్పుడు వేలికి జిడ్డు తగిలీ తగలనట్లుండాలి. ఎక్కువైన నూనె తూటా వెనుకభాగంలోని మందులోకి దిగితే అది అవసరమైన వేళ పేలదు. తోలు ఒరలో నిలవ ఉంచడం కూడా పొరపాటే. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. ఒర మోయడానికే గాని దాచడానికి కాదు. మన పంపులకూ మీటర్లకూ వచ్చే పెట్టెలలో ఉండే సిలికా జెల్ సంచీలు లాకరులో రెండు వేసి, నెలకు ఒకసారి వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చును.

గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టడం వినడానికి వింతగా ఉంటుంది గాని, వాడకుండా ఉంచిన పైపులలో, తాళం రంధ్రాలలో అవి చేసే పని మనం రోజూ చూస్తున్నదే. మూసుకుపోయిన గొట్టంలోనుండి తూటా పోదు, గొట్టమే చీలుతుంది. అలాగే పేల్చినప్పుడు ఎప్పటికన్న బలహీనమైన చప్పుడు వస్తే రెండవసారి పేల్చరాదు. మొదటి గుండు గొట్టంలోనే చిక్కి ఉండవచ్చును. బిగింపు విడదీసి చూడాలనే కోరిక మన ఇంజనీర్లకు సహజం. ఇందులో మాత్రం లైసెన్సు గల పనివాని వద్దకు తీసుకుపోవడమే మేలు. రిపేరుకు గాని పునరుద్ధరణకు గాని మరొకరి చేత పంపవలసి వస్తే, లైసెన్సుదారు లిఖితపూర్వక అనుమతి వారి చేతిలో ఉండాలని చట్టం చెబుతున్నది.

ఆయుధపూజ నాడు మన ఇళ్ళలో స్పానరుకూ, స్కూటరుకూ, కొడవలికీ బొట్టు పెట్టినట్లే తుపాకీకి కూడా పెడతారు. తప్పు లేదు. కానీ తూటాలు ఆ పీట మీద ఉండరాదు. పసుపు కుంకుమలు పిడి మీద పెట్టి, సాయంత్రానికి తుడిచివేయాలి; కొబ్బరినీళ్ళు పడితే మరునాటికే మచ్చ వస్తుంది. బస్తర్ దసరా 75 రోజుల పండుగ. ఊరంతా ఉత్సాహంగా ఉంటుంది. ఆ ఉత్సాహంలో గాలిలోకి పేల్చే అలవాటు కొందరిలో ఉన్నది. పైకి పోయిన గుండు ఎవరి ఇంటి రేకు మీదనో దిగక తప్పదు. 2019 సవరణ వేడుక కాల్పులను ప్రత్యేక నేరంగా చేసింది: రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు చెప్పబోయేది కుటుంబ సభ్యులు తప్పక చదవవలసినది. తుపాకీ కొన్నవారు బయటి దొంగ గురించి ఆలోచిస్తారు. లెక్కలు వేరే చెబుతున్నవి. అమెరికాలోని కాలిఫోర్నియాలో లక్షల మంది చేతి తుపాకీదారుల వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి తుపాకీ గల పురుషులు దానితో తమ ప్రాణం తామే తీసుకునే అవకాశం, తుపాకీ లేనివారికన్న సుమారు 8 రెట్లు ఎక్కువని తేలింది. స్త్రీలలో 35 రెట్లు. మన దేశపు పరిస్థితులు వేరు, నిజమే. మనిషి మనసు మాత్రం వేరు కాదు. మనోవేదన చాలాసార్లు కొన్ని గంటలలో, కొన్ని రోజులలో తగ్గిపోతుంది. ఆ కొన్ని గంటలలో చేతికి అందే వస్తువు ఏది అన్నదే ప్రాణానికీ చావుకూ మధ్య తేడా. పదవీ విరమణ దగ్గరపడినవారు, దూరప్రాంతంలో ఒంటరిగా ఉంటున్నవారు, అప్పులలో ఉన్నవారు, మద్యం అలవాటైనవారు మన మధ్య ఉన్నారు. పరీక్ష తప్పిన పిల్లలు కూడా అదే ఇంటిలో ఉంటారు. ఇంటిలో ఎవరైనా మాట తగ్గించి, నిద్ర తగ్గి, తమ వస్తువులు పంచిపెడుతూ ఉంటే తుపాకీ ఆ ఇంటిలో ఉండరాదు. డీలరు వద్ద డిపాజిట్ చేయవచ్చును. అందుకు కారణం ఎవరికీ చెప్పనవసరం లేదు. భార్య గాని భర్త గాని, "కొన్నాళ్ళు అది బయట ఉంచుదాం" అంటే దానిని అవిశ్వాసంగా తీసుకోరాదు. అటుపైన మనిషిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం మరువరాదు.

మద్యం తాగిన చేతికి తుపాకీ ఇవ్వరాదనే మాటను ఇక్కడ విస్తరించను. బ్లాస్టింగు జరిగే చోటికి తాగి వచ్చినవాడిని మనం ఏమి చేస్తామో అందరికీ తెలుసు.

ఆత్మరక్షణ హక్కు మాట కూడా రెండు ముక్కలలో. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు సెక్షన్లు దానికి సంబంధించినవి. రక్షణకు అవసరమైనంత హాని మాత్రమే చట్టం అంగీకరిస్తుంది. మామిడికాయలు కోసుకొని గోడ దూకి పారిపోయే కుర్రవాడి వీపు మీదకు పేల్చినవాడిని ఆ సెక్షన్లు ఏవీ కాపాడవు.

తుపాకీ పోయినట్లు తెలిసిన వెంటనే, ఇంటిలో అందరినీ అడిగి చూద్దామని రెండు రోజులు ఆగకుండా, దగ్గరి పోలీసు స్టేషనులోనూ లైసెన్సు ఇచ్చిన అధికారికీ తెలియజేయాలి. నంబరు, తయారీ వివరాలు, లైసెన్సు నకలు తుపాకీతోపాటు అదే లాకరులో ఉంచితే దొంగ అన్నింటినీ కలిపి పట్టుకుపోతాడు. నకలు వేరే ఫైలులో ఉండాలి.

ఆ ఫైలు ఎక్కడ ఉన్నదో ఇల్లాలికీ, ఎదిగిన పిల్లలకూ తెలియాలి. లైసెన్సు వ్యక్తిది, కుటుంబానిది కాదు. లైసెన్సుదారు మరణించిన రోజు నుండి ఆ తుపాకీ ఇంటిలో ఉండడానికి అధికారం లేదు. పదకొండో రోజు దాకా, పింఛను కాగితాలు పూర్తయ్యేదాకా ఆగడం కుటుంబాన్ని చిక్కులలో పెడుతుంది. దానిని వెంటనే పోలీసు స్టేషనులో గాని డీలరు వద్ద గాని డిపాజిట్ చేయాలి. తరువాత వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవడమో, అమ్మివేయడమో తీరికగా నిర్ణయించుకోవచ్చును. నా ఫైలులో మొదటి పేజీగా ఒక కాగితం ఉన్నది. డీలరు పేరు, ఫోను నంబరు, తుపాకీ నంబరు, లాకరు రెండవ తాళంచెవి ఎవరి వద్ద ఉన్నది, ఎన్ని తూటాలు ఉన్నవి అని నా భార్య చేతిరాతలో ఉంటుంది. ప్రతి ఏడాది ఆయుధపూజ మరునాడు తూటాలు లెక్కపెట్టి, ఆమె కొత్త తేదీ వేసి సంతకం చేస్తుంది. కింద నేను చేస్తాను.